గేమ్ క్యాసెట్‌లో సేవ్ బ్యాటరీ: హోల్డర్ పెట్టాలా, పట్టీల సెల్లు అతికించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మర్చంట్ నేవీలో పనిచేసిన మీ మేనమామ 1999లో సింగపూర్ నుంచి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్, దానితో పోకెమాన్ రెడ్ ఆట క్యాసెట్ తెచ్చారు. తర్వాతి ప్రయాణాల్లో అదే వరసలోని గోల్డ్, ఎమరాల్డ్ క్యాసెట్లు తెచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. రెడ్‌లో ఆయన సేవ్, అంటే ఆట ఎక్కడిదాకా ఆడారో దాచుకున్నది, మాత్రం ఇంకా ఉంది, ఆటలో ఆయన తన పేరే పెట్టుకున్నారు. గోల్డ్‌లో సేవ్ నిలవడం లేదు. ఎమరాల్డ్ పెట్టగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని తెర మీద వస్తోంది. మూడింటికీ సెల్లు దూర్చి తీయగలిగే హోల్డర్లు బిగిస్తే ఇక మీదట టంకం పని లేకుండా సెల్లు మార్చుకోవచ్చు కదా అన్నది మీ ఆలోచన. జగదాంబ వైపు ఒక మరమ్మతు దుకాణంలో సెల్లు మీదే నేరుగా వైర్లు అతికించి ఇస్తామన్నారని కూడా రాశారు.

ముందు ఒక్క మాట. రెడ్‌ను ఇవాళ తెరవకండి. ఆ దుకాణానికి అసలే ఇవ్వకండి. పని గోల్డ్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే అందులో పోవడానికి ఇక ఏమీ లేదు. హోల్డర్ సంగతికి వస్తే, విశాఖలో ఉంటున్న మనకు గేమ్ బాయ్ క్యాసెట్లలో అది సరిపడదు. ఎందుకో వివరంగా చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఈ క్యాసెట్లు విప్పుతున్నాను, ఈ అభిప్రాయానికి రావడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెడ్‌లోనూ గోల్డ్‌లోనూ సేవ్ ఉండేది ఎస్ర్యామ్ అనే చిప్పులో. దాని పరిమాణం 32 కిలోబైట్లు. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. గేమ్ బాయ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ కరెంటు గేమ్ బాయ్ ఇస్తుంది, ఆపేశాక ఆ బాధ్యత 3 వోల్టుల లిథియం సెల్లు తీసుకుంటుంది. నిద్రపోతున్న ఎస్ర్యామ్ చాలా కొద్దిగా లాగుతుంది. ఒక లెక్క చూడండి. గోల్డ్‌లో ఉండే సీఆర్ 2025 సెల్లు సామర్థ్యం సుమారు 160 మిల్లీ ఆంపియర్ అవర్లు. చిప్పు ఒక మైక్రో ఆంపియర్ లాగుతుందనుకుంటే అది లక్షా అరవై వేల గంటలు వస్తుంది, అంటే 18 ఏళ్లు దాటుతుంది. మీ రెడ్ ఇంతకాలం నిలిచిందంటే ఇలాంటి లెక్క వల్లనే. గోల్డ్‌లో ఇదే సెల్లు ఎస్ర్యామ్‌తో పాటు ఒక గడియారాన్ని కూడా నడపాలి. ఆటలో పగలు, రాత్రి, వారాలు మారేది ఆ గడియారం వల్లే. అది రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి రెడ్ కంటే తర్వాత వచ్చిన గోల్డ్ ముందుగా అయిపోయింది. మీ క్యాసెట్‌లో వేరే లోపమేదీ లేదు.

ఎమరాల్డ్ కథ వేరు. అందులో సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, దానికి బ్యాటరీతో పని లేదు. లోపలి సీఆర్ 1616 సెల్లు కేవలం గడియారం కోసం. అందుకే ఆట ఆడుకోవచ్చని, కాలంతో ముడిపడిన సంఘటనలు మాత్రం జరగవని అదే తెర మీద చెబుతుంది. దాని గురించి కంగారు అవసరం లేదు.

ఇక హోల్డర్. 2016లో పెదవాల్తేరులో ఉండే మిత్రుడి సూపర్ నింటెండో (టీవీకి కలిపి ఆడే ఆట యంత్రం) క్యాసెట్‌కు నేనే హోల్డర్ బిగించాను. ఆ క్యాసెట్లలో చోటు బాగా ఉంటుంది, సీఆర్ 2032 హోల్డర్ హాయిగా పడుతుంది. పని శుభ్రంగా వచ్చింది, ఇద్దరం సంతోషించాం. వాళ్ల ఇల్లు సముద్రం గాలి నేరుగా తగిలే చోట. రెండు వానకాలాలు గడిచాక ఆయన క్యాసెట్ తెచ్చి సేవ్ పోయిందన్నాడు. విప్పి సెల్లును బయటికి తీసి కొలిచాను. మల్టీమీటర్ 3.1 వోల్టులు చూపించింది. సెల్లు కొత్తదానిలాగే ఉంది. అప్పుడు భూతద్దం పెట్టి హోల్డర్ నాలుకను చూశాను. సెల్లును నొక్కిపట్టే ఆ సన్నటి రేకు కొసన, సరిగ్గా ఆనే చోట, ఆకుపచ్చ పొర పట్టింది. గోటితో గీస్తే తెల్లని పొడి రాలింది. సెల్లు వీపు మీద కూడా అదే ఆకారంలో ఒక మచ్చ. మధ్యలో ఆ పొర అడ్డుపడి కరెంటు చిప్పు దాకా చేరలేదు.

హోల్డర్‌లో సెల్లు ఆనుకుని మాత్రమే ఉంటుంది, అతుక్కుని ఉండదు. టీవీ రిమోట్‌లో అలా ఆనుకుని ఉన్నా నష్టం లేదు, పని చేయకపోతే నాలుగుసార్లు తట్టి సెల్లు తిప్పితే మళ్లీ పనిచేస్తుంది. సేవ్ బ్యాటరీకి ఆ వెసులుబాటు లేదు. క్యాసెట్ చేతిలోంచి జారి పడినప్పుడు రేకు ఒక్క క్షణం ఎగిరినా, ఉప్పుగాలికి పొర పట్టినా, చిప్పు అంతా మరిచిపోతుంది. తిరిగి ఆనుకున్నాక గుర్తు తెచ్చుకోదు. హైదరాబాదులోనో అనంతపురంలోనో ఉన్నవారు హోల్డర్ పెట్టుకుని పదేళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. మన ఊళ్లో ఇత్తడి తాళంకప్ప ఎలా మారుతుందో, బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలు ఎన్నేళ్లకు తుప్పు పడతాయో మీకు తెలుసు. అదే గాలి క్యాసెట్ లోపలికీ వెళుతుంది. ఆ డబ్బాలు గాలి చొరకుండా మూసుకునేవి కావు.

పైగా గేమ్ బాయ్ క్యాసెట్‌లో చోటు లేదు. సీఆర్ 2025 మందమే రెండున్నర మిల్లీమీటర్లు. దానికి హోల్డర్ ఎత్తు కలిస్తే మూత మూసుకోదు. లోపలి ప్లాస్టిక్ గట్లు కోయవలసి వస్తుంది. మీ మామయ్య చేతిలో తిరిగిన క్యాసెట్‌ను అలా కోయడం నాకు ఇష్టం లేదు. పాత పట్టీల మధ్య కొత్త సెల్లు దూర్చి ఇన్సులేషన్ టేపు చుట్టమని కొందరు సలహా ఇస్తారు. అది హోల్డర్ కంటే అధ్వానం. ఎండాకాలంలో టేపు జిగురు కరిగి పట్టు వదిలేస్తుంది.

కాబట్టి రెండు చివర్లా పట్టీలు వెల్డింగ్ చేసి వచ్చే సెల్లు కొనండి. ఫ్యాక్టరీలో ఆ పట్టీలను సెల్లుకు క్షణంలో చిన్న భాగం పాటు గట్టి కరెంటు పంపి అతికిస్తారు, అందువల్ల సెల్లు లోపలికి వేడి పాకదు. దుకాణంవారు చెప్పినట్టు సోల్డరింగ్ ఐరన్‌తో సెల్లు మీదే వైరు అతికించాలంటే ఆ లోహం వేడెక్కేదాకా ఐరన్ ఆనించి ఉంచాలి. అంతలో లోపలి ప్లాస్టిక్ సీలు మెత్తబడుతుంది, సెల్లు ఉబ్బుతుంది, పగిలే ప్రమాదం కూడా ఉంది. కంటికి దగ్గరగా పెట్టుకుని చేసే పనిలో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. పగలకపోయినా ఆ సెల్లు ఆయుష్షు అప్పుడే తగ్గిపోతుంది.

సెల్లు కొనేటప్పుడు అంకె చూడండి. గోల్డ్‌కు సీఆర్ 2025, ఎమరాల్డ్‌కు సీఆర్ 1616. మొదటి రెండు అంకెలు మిల్లీమీటర్లలో వ్యాసం, చివరి రెండు అంకెలు మిల్లీమీటరులో పదో వంతు లెక్కన మందం. రెడ్‌లో బోర్డును బట్టి సెల్లు మారుతుంది, అందుకని తెరిచాకే దానికి కొనండి. ఎల్‌ఐఆర్ అని మొదలయ్యే ఛార్జింగ్ సెల్లు ఎవరు అమ్మినా తీసుకోకండి. అది నిండినప్పుడు 4.2 వోల్టుల దాకా ఇస్తుంది, సామర్థ్యం తక్కువ, క్యాసెట్ దానిని ఛార్జ్ చేయదు కూడా.

గోల్డ్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ బిట్ కావాలి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పెన్ను గొట్టం కరిగించి స్క్రూ మీద నొక్కి విప్పే పద్ధతి వీడియోల్లో చూసి ఉంటారు. స్క్రూ తల అరిగిపోతే అసలు బిట్ వచ్చాక కూడా అది పట్టదు, కాబట్టి ఆ పని వద్దు. స్క్రూ తీశాక ముందు మూతను కొద్దిగా కిందికి జరిపి అప్పుడు ఎత్తాలి. బలం ఉపయోగిస్తే పైన కొక్కేలు విరుగుతాయి.

తెరవగానే ఫోనుతో ఫోటో తీయండి. సెల్లు ఏ వైపు ఎలా ఉందో, ఏ పట్టీ ఏ చోట అతికి ఉందో స్పష్టంగా కనిపించాలి. బోర్డు మీద ప్లస్ గుర్తు ఉంటుంది, అది కూడా ఫోటోలో పడాలి. పాత టంకం గట్టిపడి ఉంటుంది, ఐరన్ ఆనించినా కరగడానికి మొరాయిస్తుంది. దాని మీద ముందు కొత్త టంకం కొద్దిగా వేయండి. అరవై వంతులు తగరం, నలభై వంతులు సీసం ఉండే మామూలు రకం చాలు. కొత్తది పాతదానిలో కలిసి రెండూ సులువుగా కరుగుతాయి. అప్పుడు ఒక పట్టీని పట్టకారుతో మెల్లగా పైకి లేపండి, తర్వాత రెండోది. నెగటివ్ వైపు రాగి పరుపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి వేడిని పీల్చేస్తుంది, అక్కడ ఇంకో రెండు సెకన్లు ఓపిక పట్టాలి. టంకం కరగకముందే లాగితే కింది రాగి రేకు ఊడి వస్తుంది. కొత్తవాళ్లు చేసే నష్టాల్లో ఎక్కువ ఇక్కడే జరుగుతుంది.

కొత్త సెల్లు పట్టీలు అతికించాక చాలామంది మూత మూసేస్తారు. మన ఊళ్లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. టంకం బాగా పట్టడానికి వాడే ఫ్లక్స్ దాని చుట్టూ జిగటగా, గోధుమ రంగులో మిగులుతుంది, దాన్ని పూర్తిగా తుడవాలి. అది తేమను పీల్చుకుంటుంది. తేమ పీల్చిన ఫ్లక్స్ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య సన్నని దారి వేస్తుంది. ఆ దారి నిరోధం ఒక మెగా ఓమ్ అనుకోండి, వినడానికి చాలా పెద్ద అంకె. 3 వోల్టుల దగ్గర దానిగుండా 3 మైక్రో ఆంపియర్లు పారతాయి. చిప్పు తాగేది ఒకటైతే ఈ మురికి మూడు తాగుతుంది. 18 ఏళ్లు రావలసిన సెల్లు నాలుగున్నర ఏళ్లకే అయిపోతుంది. సెల్లు నకిలీదని కంపెనీని తిడుతూ నా దగ్గరికి వచ్చిన క్యాసెట్లలో చాలా వాటికి ఇదే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం ఉన్నది తీసుకోండి. మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది, దూది పుల్లతో అద్ది, మళ్లీ ఒకసారి కడగండి. ఒకసారి కడిగితే ఫ్లక్స్ పలచబడి బోర్డంతా పరుచుకుంటుంది, రెండోసారికి పోతుంది. పూర్తిగా ఆరాక సెల్లు మీద పసుపు రంగు కాప్టన్ టేపు ఒక వరస వేసి మూయండి. వర్షం కురుస్తున్న రోజున ఈ పని పెట్టుకోకండి. మూత మూసినప్పుడు లోపల చిక్కిన తేమ లోపలే ఉండిపోతుంది.

గోల్డ్ పెట్టి కొత్త ఆట మొదలుపెట్టి సేవ్ చేయండి. రెండు వారాలు వాడండి. నిలిస్తే మీ చేయి కుదిరినట్టే. అప్పుడు రెడ్.

రెడ్ విషయంలో నేను పట్టుబట్టేది ఒకటే. తెరిచే ముందు ఆ సేవ్‌కు నకలు తీయాలి. జీబీఎక్స్‌కార్ట్ లాంటి చిన్న పరికరం ఉంటుంది. దానిలో క్యాసెట్ గుచ్చి, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే సేవ్ మొత్తం ఒక ఫైలుగా వస్తుంది. ఆ ఫైలు సరిగ్గా 32,768 బైట్లు ఉండాలి. క్యాసెట్ కొసన ఉండే బంగారు పూత పళ్లను ముందే ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, మురికి ఉంటే తప్పుడు బైట్లు వస్తాయి. ఒకసారి చదివి వదిలేయకండి. క్యాసెట్ తీసి మళ్లీ గుచ్చి రెండోసారి చదివి, రెండు ఫైళ్లనూ పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా మళ్లీ తుడిచి మళ్లీ చదవండి. ఫైలును కంప్యూటర్‌లో ఎమ్యులేటర్‌తో (గేమ్ బాయ్ లాగా పనిచేసే ప్రోగ్రాం) తెరిచి, మొదటి తెర మీద మీ మామయ్య పేరు ఉందో లేదో చూడండి. ఆ తర్వాత దానిని కనీసం రెండు వేరు వేరు చోట్ల దాచండి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మెయిల్‌లో. ఆ పరికరం కొనడం ఖర్చు అనిపిస్తే నాకు చెప్పండి, నా దగ్గర ఉంది. మద్దిలపాలెం దాకా ఒక ఆదివారం రండి, అరగంట పని.

ఇంకొక మార్గం కూడా ఉంది, నకలుకు అదనంగా చేయండి. గోల్డ్ బాగయ్యాక అందులో కొంత దూరం ఆడితే టైమ్ క్యాప్స్యూల్ తెరుచుకుంటుంది. దాని ద్వారా రెడ్‌లోని పోకెమాన్‌లను, అంటే ఆటలో పట్టుకునే జీవులను, లింక్ కేబుల్‌తో గోల్డ్‌లోకి పంపవచ్చు. అప్పుడు మీకు రెండు గేమ్ బాయ్‌లు కావాలి. పోకెమాన్ క్యాసెట్ మారినా దానిని మొదట పట్టిన ఆటగాడి పేరు దానితోనే ఉంటుంది. ఏడు అక్షరాలకు మించని ఆ పేరు గోల్డ్‌లో ఆ పోకెమాన్ వివరాల తెర మీద కనిపిస్తుంది. ఎమరాల్డ్‌లోకి మాత్రం వీటిని పంపడం కుదరదు.

నకలు చేతిలో ఉన్నాక రెడ్ సెల్లు మార్చడం గోల్డ్ మార్చినట్టే. పాత సెల్లు తీయగానే క్యాసెట్‌లో సేవ్ పోతుంది, పోనివ్వండి. కొత్త సెల్లు అతికించి, కడిగి, ఆరబెట్టి, ఫైలును అదే పరికరంతో తిరిగి క్యాసెట్‌లోకి రాయండి. తర్వాత క్యాసెట్ బయటికి తీసి ఒక రోజు పక్కన పెట్టి అప్పుడు గేమ్ బాయ్‌లో చూడండి. వెంటనే చూసి సంబరపడితే టంకం సరిగా పడిందో లేదో తెలియదు.

పాత సెల్లు తీయకముందే రెండు వైర్లతో వేరే 3 వోల్టులు అందిస్తూ సేవ్ పోకుండా మార్చే పద్ధతి మీరు అడిగారు. రెండు పెన్సిల్ సెల్లులు వరుసగా కలిపితే 3 వోల్టులు వస్తాయి, సూత్రం సరైనదే. నేను కొన్నిసార్లు చేశాను, అన్నిసార్లూ నిలవలేదు. చేయి వణికి ఒక వైరు జారితే చాలు. క్యాసెట్‌ను గేమ్ బాయ్‌లో ఆన్ చేసి ఉంచి అతికించమనే సలహా ఇంకా ప్రమాదం, ఐరన్ కొన నుంచి కరెంటు కారితే చిప్పే పోతుంది. నకలు తీసే దారి ఉండగా ఈ రెండూ మీకు అక్కర్లేదు.

రెడ్ సెల్లు ఇంకా ఎంతకాలం వస్తుందో వోల్టేజీ కొలిచి తెలుసుకుందామనుకుంటారేమో. లిథియం సెల్లు చాలా ఏళ్లు 3 వోల్టుల దగ్గరే నిలకడగా ఉంటుంది, చివరి దశలో ఒక్కసారిగా పడిపోతుంది. మూడు చూపించిందంటే అది ఇంకా పదేళ్లు వస్తుందని అర్థం కాదు, వచ్చే నెలలో పోవచ్చు. కొలిచేటప్పుడు మల్టీమీటర్ మొనలు జారి ప్లస్, మైనస్ రెండింటినీ కలిపితే సేవ్ అక్కడికక్కడే పోతుంది. అందుకే నకలు తీసేదాకా కొలవడం కూడా వద్దంటున్నాను.

బ్యాటరీ అక్కర్లేని ఎఫ్‌ర్యామ్ చిప్పు వేయించమని ఎవరైనా చెబితే అది కూడా నిజమైన మార్గమే. ఎస్ర్యామ్ తీసి దాని చోట 28 కాళ్ల కొత్త చిప్పు పెడితే సేవ్ కరెంటు లేకుండానే నిలుస్తుంది. గోల్డ్‌లో గడియారం కోసం సెల్లు ఎలాగూ కావాలి కాబట్టి అక్కడ పూర్తి లాభం లేదు. రెడ్‌కు సరిపోతుంది కానీ, 28 కాళ్లు విప్పి అతికించే పని మొదటిసారి చేసేవాళ్లు చేయదగ్గది కాదు.

ఎమరాల్డ్‌ను చివరికి ఉంచండి. దానికి మూడు రెక్కల ట్రైవింగ్ స్క్రూడ్రైవర్ కావాలి. విప్పే ముందు అది అసలుదో కాదో తేల్చుకోండి. నకిలీల్లో చాలావాటికి గడియారం చిప్పే ఉండదు, అందుకే కొత్తగా కొన్న రోజు నుంచే బ్యాటరీ అయిపోయిందని చెబుతాయి. కొన్ని నకిలీల్లో మాత్రం సేవ్‌కే బ్యాటరీ వాడతారు, అలాంటిది అయితే రెడ్ లాగే ముందు నకలు తీయాలి. బయటి డబ్బా ఆకుపచ్చగా, లోపలికి కనిపించేలా ఉంటుంది కాబట్టి వెలుతురులో పట్టి వెనక నుంచి, ముందు నుంచి రెండు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. క్యాసెట్ కొసన, పళ్ల పైన బోర్డు మీద అచ్చయిన అక్షరాలు స్పష్టంగా రావాలి. ఫోటోలు చూసి, సెల్లు ఏ పని చేస్తోందో చెబుతాను.